ఎజ్రా గారి గిటారుకు మేళం కట్టిన మూడు రోజులు

ఇన్నాళ్లూ ఈ సంగతులు రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు రాయడం రాదు. అరవై ఆరో ఏట అక్షరాలు దిద్దాను. ఇప్పుడు డెబ్బై.

మాది బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఇల్లు. ఆడపిల్లలకు చదువెందుకని మా ఇంట్లో ఎవరూ అనలేదు. వీణ దండి మీద మెట్లు నిలబెట్టే మైనం పిసకడానికి చేతులు కావలసివచ్చాయి, అంతే. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి గంటల తరబడి పిసకాలి. ఆ పని నాకు మా అన్నలకంటే బాగా వచ్చింది. పని బాగా వచ్చిన పిల్లను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. పెళ్లయ్యాక మా ఆయన హోటల్లో వంటపనికి న్యూజెర్సీ వస్తే వెంట వచ్చాను. ఇక్కడ ఒక గిటార్ల మరమ్మతు షాపులో ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. షాపు ఉన్నన్నాళ్లూ చదివిపెట్టే మనిషి ఒకడు ఉండేవాడు. షాపు మూతపడి, ఆ మనిషి కూడా పోయాక, మా బల్ల మీద విప్పని ఉత్తరాలు పేరుకోవడం మొదలైంది.

ప్లెయిన్స్‌బరోలో ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతారని విని, వెళ్లి వెనక కూర్చున్నాను. టీచరు వరంగల్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం. "ఆంటీ, ఫోన్ల వాయిస్ నోట్ పెడితే అయిపోతది గదా, గింత కష్టమెందుకు?" అంది మొదటిరోజు. నా పక్కన ఆరేళ్ల పిల్ల ఒకతె కూర్చునేది. వారంవారం నా నోటుబుక్కు లాక్కుని దిద్దేది. "ఆంటీ, నువ్వు తలకట్టు మర్చిపోయింది. ఇట్స్ ఓకే, నేను కూడా మర్చిపోయింది," అనేది. ఆ ఇద్దరూ నాకు గురువులు.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు వాద్యాల మరమ్మతు నేర్చుకుంటామని నా దగ్గరికి వస్తున్నారు. ఉద్యోగం పోయినవాడు ఒకడు, పోతుందేమోనని భయపడుతున్న అమ్మాయి ఒకతె. వాళ్లకు నోటితో చెబితే సగమే చెబుతాను. అందుకని రాస్తున్నాను.

పని ఎలాంటిదంటే

ఈ పనిలో సంగీతం తక్కువ. దుమ్ము, జిగురు, జిగురు ఆరేదాకా ఎదురుచూపు ఎక్కువ. చాలా రోజులు మీకంటే ముందు ఎవరో చేసిన మరమ్మతును విప్పడంతోనే గడిచిపోతాయి. హెర్న్‌డన్ నుంచి ఒక డాక్టరు గారి భార్య వీణ తెచ్చింది. చలికాలంలో హీటర్ పక్కన పెడితే వీణ కింది గుండ్రటి కుండ పగిలింది. వాళ్లాయన గుండె ఆపరేషన్లు చేసే మనిషి. ఆ పగులును షాపులో కొన్న గట్టి జిగురుతో తనే అతికించాడు. దాన్ని గోకి తీయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. "ఆయనకి చెప్పకండేం, తనే బాగుచేశానని అనుకుంటున్నారు," అందావిడ. చెప్పలేదు. ఇలాంటి రహస్యాలు మోయడం కూడా పనిలో భాగమే.

వాద్యం చేతికి రాగానే పనిముట్టు పట్టుకోకండి. గోటితో తట్టండి. వదులైన చోటు వేరేగా పలుకుతుంది. ఇది రెండు నెలల్లో వస్తుంది. రెండోది, నెమ్మదిగా చేసేవాడే మంచి పనివాడని మీకు చెబుతారు. నేను ఒప్పుకోను. ఎంతో నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా పాడుచేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో నేనొకదాన్ని.

వాల్టర్

షాపు వాల్టర్‌ది. పిస్కాటవేలో లాండ్రీ పక్కన, రెండు కార్లు పట్టేంత గది. నేను మొదట ఊడవడానికి చేరాను. ఒకరోజు ఆయన గిటారు మీద లేచిపోయిన మెట్టు ఒకటి కూర్చోబెట్టలేక విసుక్కుంటుంటే, చీపురు గోడకానించి, నేను కూర్చోబెట్టాను.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు.

"ఇంట్లో."

"ఇంట్లో ఇంకేం నేర్పారు?"

ఆ మర్నాటినుంచి ఊడవడం ఆయన వంతయింది.

మంచి యజమాని. కాని ఆరునెలలు నాచేత తీగలు విప్పించి, మళ్లీ కట్టించాడు. విప్పేటప్పుడు ఏ తీగ ఏ బిరడకు ఎన్ని చుట్లు ఉందో చూడమనేవాడు. చుట్లను బట్టి ఆ గిటారు ఎవరిదో, ఓపికమంతుడో తొందరవాడో చెప్పమనేవాడు. పని బాగుంటే "ఊఁ" అనేవాడు. ఇంకా బాగుంటే ఏమీ అనేవాడు కాదు. ఆయన లోపం కూడా చెప్పాలి: వచ్చినవాళ్లకు కాదని చెప్పలేడు. ఒప్పుకున్న పనులు బల్ల నిండా పోగుపడి ఉండేవి. ప్రతిదానికీ ఒక చీటీ రాసి తీగల మధ్య దోపేవాడు.

ఆ చీటీలే నాకు ప్రాణసంకటం. కళ్లజోడు మరిచానని చెప్పి ఆయనచేతే చదివించుకునేదాన్ని. విన్నది మరవకుండా గిటారు మెడకు దారం కట్టేదాన్ని. ఎర్రదారమంటే లోపల అతుకు, పచ్చదారమంటే బిరడ, రెండు ముడులుంటే తొందర. వాల్టర్ అది మా దేశాచారం అనుకున్నాడు. నేను కాదనలేదు. వచ్చినవాళ్లకు గొప్పగా చూపించేవాడు కూడా, "మా పైడి ప్రతి గిటారుకూ రక్ష కడుతుంది," అని. నా పూర్తి పేరు పైడితల్లి.

నేను బాగుచేసి పాడుచేసిన గిటారు

ఇది జరిగి ఇరవై ఏడేళ్లు. ఒక సోమవారం వాల్టర్ పళ్లు పీకించుకోవడానికి వెళుతూ, ఆ రోజూ మర్నాడూ రానన్నాడు. బల్ల మీద ఒక పాత గిటారు, తీగల మధ్య చీటీ. చదివి వినిపించేవాళ్లు లేరు. చీటీని చూశాను. మడిచి గిటారు పెట్టెలో పారేశాను. గిటారు తనేం కావాలో తనే చెబుతుందనుకున్నాను.

తట్టి చూస్తే లోపల ఒక చెక్కబద్ద వదులై ఉంది. మెడకు ఎర్రదారం కట్టి, అతికించాను. తర్వాత తీగలు చూశాను. మెట్లకు, తీగలకు మధ్య నా చిటికెనవేలు దూరేంత సందు. తీగలు అంత ఎత్తున ఉంటే నొక్కడానికి వేళ్లు తెగుతాయి. ఇది వాయించే మనిషి ఎవరోగాని ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాను. మెడ చివర తీగలు ఆనే ఎముక పలక ఉంటుంది. దానిమీద తీగలు కూర్చునే గాడులు ఆకురాయితో లోతు చేశాను. రెండోవైపు తీగలను ఎత్తిపట్టే గుర్రం మీది ఎముకను అరగదీశాను. మెట్లన్నీ మెరుగుపెట్టాను. మంగళవారం సాయంత్రానికి చంటిపిల్ల నొక్కినా పలికేటట్టు తయారైంది. అంత శుభ్రంగా నేను చేసిన పని మరొకటి లేదు.

బుధవారం ఉదయం వాల్టర్ బుగ్గ వాచి వచ్చాడు. పదింటికి గిటారు మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎనభై ఏడేళ్ల నల్ల పెద్దమనిషి. ఇస్త్రీ చేసిన చొక్కా, తలమీద టోపీ. పేరు ఎజ్రా. కూర్చుని, జేబులోంచి సీసా మెడ కోసి నునుపు చేసిన గాజు గొట్టం తీసి, ఎడమచేతి చిటికెనవేలికి తొడుక్కున్నాడు. తీగలమీద పెట్టాడు. గాజు వెళ్లి మెట్లకు కొట్టుకుని టకటకమంది. ఇంకోసారి పెట్టాడు. మళ్లీ అదే.

ఆయన వేళ్లతో నొక్కే మనిషి కాదు. గాజును తీగలమీద తేల్చి జార్చే మనిషి. ఆ వాయింపుకు తీగలు ఎత్తుగానే ఉండాలి.

వాల్టర్ పెట్టె వెతికి చీటీ తీశాడు. "రాశానే నేను. లోపలి బద్ద అతికించు, తీగల ఎత్తు ముట్టుకోకు అని. పైడీ, ఇది చూడలేదా నువ్వు?"

"చూడలేదు," అన్నాను.

ఆయన ఎజ్రా గారి వైపు తిరిగాడు. "తప్పు నాది సార్. నోటితో చెప్పి వెళ్లవలసింది. ఈమెనేమీ అనకండి."

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గోడకున్న గిటార్లలో ఐదు దించి ఆయన ముందు పెట్టాడు వాల్టర్. ఎజ్రా గారు ఒక్కొక్కటీ మర్యాదగా ఒళ్లోకి తీసుకుని, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. "అందరూ మంచివాళ్లే. నాకు పరిచయం లేదు," అన్నాడు.

శనివారం ఆయన పాటలు రికార్డు చేయడానికి కాలేజీ వాళ్లు రమ్మన్నారు. వచ్చే నెల ఎడమచేతి మణికట్టుకు ఆపరేషన్. ఆ తర్వాత వేలు వంగుతుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. మధ్యలో ఉన్నవి మూడే రోజులు.

మేళం

గాడులు లోతైన ఎముక, అరగదీసిన ఎముక మళ్లీ పెరగవు. కొత్తవి చెక్కవచ్చు, గంట పని. కాని ఎంత ఎత్తుకు? పాతవాటిని ఎవరూ కొలవలేదు. అరవై ఏళ్ల కింద ఆ రెండిటినీ ఆయనే ఆవు ఎముకలోంచి జేబుకత్తితో చెక్కుకున్నాడు. ఒక్కో తీగ ఒక్కో ఎత్తు. ఆ లెక్క ఆయన చేతిలో తప్ప ఎక్కడా లేదు.

మా ఇంట్లో వీణ పూర్తయ్యాక చివరి పని మేళం కట్టడం. మైనం వెచ్చగా ఉండగా మెట్లు దానిలో నిలిపి, వాయించే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, విని జరిపి, విని జరిపి, స్వరం దొరికినచోట వదిలేస్తారు. మైనం చల్లారి బిగుసుకుంటుంది. అది గుర్తొచ్చి వాల్టర్‌తో అన్నాను, "పాత ఎముకల మీద ఒక్కో తీగ కింద మైనం వేసి ఎత్తు పెంచుతాను. ఈయన వాయిస్తారు. ఈయన చెయ్యి సరే అన్న ఎత్తుకు కొత్త ఎముకలు చెక్కుతాను."

"గిటారుకు మైనమా?" అన్నాడు వాల్టర్, బుగ్గ పట్టుకుని.

"అబ్బాయీ, నా మొదటి పాటలు మైనంమీదే గీశారు," అన్నాడు ఎజ్రా గారు. "కానివ్వండి, మిస్ పైడీ."

ఆ మూడు రోజులూ ఆయన పొద్దున పదికి వచ్చి నా బల్ల పక్క స్టూలుమీద కూర్చునేవాడు. నేను మైనం చిటికెడు వేయడం, ఆయన వాయించి తల అడ్డంగా ఊపడం, నేను వేడిచేసి తీయడం. మైనం చల్లారేలోపు కబుర్లు. ఆయన జీవితం నాకు అలా చిటికెడు చిటికెడుగా తెలిసింది.

జార్జియాలో కౌలుకు పత్తి పండించే ఇంట్లో పుట్టాడు. గిటారు కొనే మాటే లేదు. చీపురుకు చుట్టిన తీగ విప్పి, ఇంటి గోడకు రెండు మేకులు కొట్టి బిగించి, సీసాతో జార్చి వాయించేవాడు. లోపల వాళ్లమ్మ ఇస్త్రీ చేసుకుంటుంటే ఇల్లంతా మోగేది. "నేను వాయించిన మొదటి వాద్యం మా ఇల్లే. ఒకటే తీగ, రెండు గదులు," అనేవాడు.

పద్నాలుగేళ్లకు గిటారు దొరికింది. మందులమ్మేవాడి బండి వెంట ఊళ్లు తిరిగాడు. "ఈ మందు తాగితే కాళ్లనొప్పులు పోతాయని వాడు చెప్పేవాడు. నేను వాయించగానే జనం గెంతేవాళ్లు. చూశారా, పోయాయి అనేవాడు." మంగలిషాపు మెట్లమీద, రైల్వే ప్లాట్‌ఫారమ్మీద, నాటుసారా పోసే ఇళ్లలో వాయించాడు. మైకులు లేవు. వందమంది కాళ్ల చప్పుడు దాటి వినపడాలి. అందుకే తీగలు ఎత్తు, అందుకే అంత గట్టిగా కొట్టడం. బొటనవేలు కింది తీగలమీద అడుగులు వేస్తుంటే, గాజు పైతీగమీద ఏడుస్తుండేది. పాట సగం నోటితో పాడి ఆపేసి, మిగతా సగం తీగతో అనిపించేవాడు. మాట లేకుండానే ఆ మాట నాకు అర్థమయ్యేది. వీణ మీద మేము తీగను పక్కకు లాగి రెండు మెట్ల మధ్య ఉన్న స్వరాన్ని పట్టుకుంటాం. ఆయనకు మెట్లతోనే పనిలేదు. నేను చాలామంది పెద్ద విద్వాంసుల వీణలు ముట్టుకున్నాను. తన చేతికి ఏం కావాలో అంత కచ్చితంగా తెలిసిన మనిషిని మరొకరిని చూడలేదు.

గురువారం వాల్టర్ కాఫీకి బయటికి వెళ్లినప్పుడు ఎజ్రా గారు గిటారు మెడకున్న ఎర్రదారం పట్టుకుని అడిగాడు. "మిస్ పైడీ, ఇదేమిటి?"

"లోపల అతుకు వేశానని గుర్తు."

"పచ్చదారం?"

"బిరడ."

"మరి ఎత్తు ముట్టుకోవద్దు అనడానికి ఏ రంగు?"

"దానికి రంగు లేదు," అన్నాను.

ఆయన తల ఊపి దారం వదిలేశాడు. చదవడం రాదన్న సంగతి ఆయనకు తెలిసిపోయింది. నన్నేమీ అడగలేదు. తన సంగతి చెప్పాడు.

ఇరవై ఏళ్లప్పుడు పాటల కంపెనీ వాళ్లు ఊరికి వచ్చి, హోటల్ గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, రికార్డుల కోసం మైనం పళ్లేలమీద పాటలు గీసుకున్నారు. ఈయనవి మూడు. రెండు బాగా వచ్చాయి. మూడోది వాళ్లమ్మ ఇస్త్రీ చేస్తూ పాడుకునే పాట. మధ్యలో గోడమీద ఎర్రదీపం వెలిగింది. "అందరికీ తెలిసినట్టే ఉంది అది దేనికో. పళ్లెం అయిపోవస్తోంది, పాట ముగించు అని గుర్తట. నాకు తెలియదు. ముందే అడుగుదామనుకున్నాను. పల్లెటూరివాడనుకుంటారని సిగ్గేసింది. దీపం చూసి, ఏదో తప్పు చేశాననుకుని చెయ్యి తీసేశాను. పాట సగంలో ఆగిపోయింది. ఇంకో పళ్లెం దానికి ఇవ్వలేదు."

తర్వాత ఆ కంపెనీ మూతపడింది. ఆయన ఉత్తరాదికి వచ్చి న్యూజెర్సీలో ఇటుకల బట్టీలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. చర్చి భోజనాలప్పుడు, ఇంటి వరండాలో వాయించేవాడు. ఆ పాత రికార్డుల్లో ఒకటి ఎవరో ప్రొఫెసరు విని, వెతుక్కుంటూ వచ్చాడు.

"శనివారం మా అమ్మ పాట ఎక్కాలి. మిగతావి ఎక్కకపోయినా ఫరవాలేదు," అన్నాడు ఎజ్రా గారు.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన గిన్నెలు తోముతున్నాడు.

"సీటీ సదవనేనని సెప్పీసెయ్యే. ఏటౌద్ది? ఉంచితే ఉంచుతాడు, నేదంటే మా కిచెన్‌లో ఉల్లిపాయలు కోద్దువుగాని."

"నీ కింద పనిచెయ్యాలా నేను?"

"ఉల్లిపాయలు కోసీవోళ్లు ఏడిసినా ఎవులూ అడగరే," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆరు తీగల్లో ఐదు కుదిరాయి. నాలుగోది కుదరలేదు. నేను ఎత్తు పెంచితే ఆయన వద్దంటాడు, తగ్గిస్తే వద్దంటాడు. చివరకు నేను తీగను చూడడం మానేసి ఆయన మణికట్టు చూశాను. నాలుగో తీగ దగ్గరికి వచ్చేసరికి నొప్పికి అది కొద్దిగా వాలుతోంది. వాలినచోట గాజు బరువెక్కుతోంది. అంటే పాత ఎత్తు వెతకడమే పొరపాటు, ఇప్పటి చేతికి తగిన ఎత్తు కావాలి. గోటి అంచంత మైనం వేశాను. ఆయన గాజు జార్చాడు. తీగ చివరిదాకా ఎక్కడా తగలకుండా పలికింది.

సాయంత్రానికి ఆ కొలతలకు ఎముకలు చెక్కాను. వాల్టర్ చూసి ఏమీ అనలేదు.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. వాద్యాన్ని చూసేముందు దాన్ని వాయించే చేతిని చూడండి. చెయ్యి ఎదురుగా లేకపోతే ఫోన్ చేసి పిలిపించండి. మీ తెలివితో బాగుచేసింది ఇంకొకరికి పనికిరాకపోవచ్చు.

శనివారం

కాలేజీలో చిన్న గది. వాల్టర్, నేను గోడవార కుర్చీల్లో కూర్చున్నాం. రికార్డు చేసే కుర్రాడు మిషన్ నొక్కగానే దానిమీద ఎర్రలైటు వెలిగింది. ఎజ్రా గారు చెయ్యి తీగలమీద పెట్టకుండా అడిగాడు.

"బాబూ, ఆ లైటు దేనికి?"

"రికార్డవుతోందని, సార్."

"ఎప్పుడు ఆరిపోతుంది?"

"ఆరదు సార్. మీరు చాలనేదాకా ఉంటుంది."

"మంచిది," అన్నాడాయన. మొదట వాళ్లమ్మ పాట అందుకున్నాడు. ఒక చరణం, రెండో చరణం. సగం దాటింది. చివర్లో నోరు ఆపేసి, ఆఖరి మాట గాజుతో అనిపించి, తీగ పూర్తిగా నిశ్శబ్దమయ్యేదాకా వేలు కదపలేదు. ఆ తర్వాత పదకొండు పాటలు వాయించాడు. నాకు గుర్తున్నది ఆ ఒక్కటే.

బయట కార్ల దగ్గర వాల్టర్ ఆయన చేతులు పట్టుకుని మళ్లీ క్షమించమన్నాడు. "నా చీటీ మీ మూడు రోజులు తినేసింది, సార్," అన్నాడు. ఎజ్రా గారు వాల్టర్ భుజంమీదుగా నావైపు చూశాడు. నేను వంగి గిటారు పెట్టె గొళ్లెం సరిచేశాను. అది సరిగానే ఉంది.

నా పని దక్కింది, పేరు దక్కింది. వాల్టర్ ఆ మైనం సంగతి షాపుకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడని నాకు తెలుసు. నేను నోరు మూసుకుంటే చీటీ సంగతి ఎవరికీ తెలియదు. ఎజ్రా గారు చెప్పే మనిషి కాదు.

మర్నాడు ఆదివారం. ఉదయం ఎనిమిదింటికి మా ఆయన నన్ను వాల్టర్ ఇంటిముందు దించి, కార్లోనే కూర్చున్నాడు. బెల్ కొట్టాను. వాల్టర్ నోట్లో బ్రష్‌తో, ఇంకా తగ్గని వాపుతో తలుపు తీశాడు.

"చీటీ చూశాను. చూసే పారేశాను. నాకు చదవడం రాదు. ఏ భాషలోనూ రాదు," అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి నోరు కడుక్కుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "మళ్లీ చెప్పు," అన్నాడు.

మళ్లీ చెప్పాను. సోమవారం నుంచి ఏ చీటీ రాసినా తీగల మధ్య దోపేముందు నాకు చదివి వినిపించేవాడు.